ఏడు రాజ్యముల సముద్రము

సముద్రపు నీరు ఉప్పగా నుండుననుట చిన్నపిల్లలకును తెలిసిన విషయమే. కాని ఐరోపాఖండపు ఉత్తరభాగమున ఒక సముద్రము కలదు. దాని ఉత్తరపు కొసను నిలిచి దోసిటితో నీరు పట్టి నోట బోసికొన్నచో ఉప్పదనము తెలిసీ తెలియనట్లుండును. ఆ నీటిలో సముద్రపు చేపలతోపాటు ఏళ్ళలోను చెరువులలోను పెరుగు మంచినీటి చేపలును జీవించును. శీతకాలమున ఆ భాగమంతయు గడ్డకట్టి తెల్లని మైదానమువలె కనబడును. అదియే బాల్టిక్ సముద్రము.

దీని వైశాల్యము సుమారు 4 లక్షల 15 వేల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిసినంత ప్రదేశమునకు ఇది ఒకటిన్నర రెట్లు. వైశాల్యమున ఇంత గొప్పదయ్యును లోతున మాత్రము స్వల్పమైనది. మహాసముద్రముల సగటు లోతు 3,700 మీటర్లకు చేరువగా నుండగా, బాల్టిక్ సగటు లోతు 55 మీటర్లకు మించదు. మహాసముద్రము పెద్ద గంగాళమైనచో ఇది పళ్ళెమువంటిది. ఆ పళ్ళెము చుట్టును డెన్మార్కు, స్వీడన్, ఫిన్లండు, రష్యా, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, పోలండు, జర్మనీ అను తొమ్మిది దేశములు వలయముగా నున్నవి. నేవా, విస్తులా, ఓడర్ మొదలైన నదులు ఆ దేశములలోని నీటినంతటిని దెచ్చి దీనియందు చేర్చును. ఈ నదుల పరీవాహక ప్రదేశము సముద్రమునకు నాలుగు రెట్లుండును. అందు సుమారు ఎనిమిదిన్నర కోట్ల ప్రజలు నివసించుచున్నారు.

ఇంత నీటికిని మహాసముద్రముతో గల సంబంధమెల్ల మూడు ఇరుకు జలసంధుల మూలముననే. డెన్మార్కు దీవుల నడుమ రెండును, డెన్మార్కు స్వీడన్‌ల నడుమ ఒకటియు కలవు. ఆ త్రోవలలో ఒకచోట నీటి మట్టమునకు 8 మీటర్ల దిగువనే, వేరొకచోట 18 మీటర్ల దిగువనే సముద్రగర్భము గడపవలె అడ్డముగా లేచియున్నది. ఆంధ్రప్రదేశ్ దక్షిణపు కొసనున్న పులికాట్ సరస్సును చూచినవారు ఈ స్థితిని సులభముగా ఊహింపగలరు. అచటను సరస్సునకు సముద్రముతో గల రాకపోకలు ఇరుకైన ముఖద్వారముననే జరుగును. వానకాలమున ఏటినీరు చేరగా ఉప్పు తగ్గును. ఆ ద్వారము ఇసుకతో పూడినచో సరస్సు ఊపిరి బిగిసినట్లగును. బాల్టిక్ నీరంతయు ఒకసారి మారుటకు సుమారు 30 సంవత్సరములు పట్టునని శాస్త్రజ్ఞుల గణన. ఈనాడు అందు పడిన మలినము, ఒడ్డున ఆడుకొను బాలురు పెద్దవారై తమ పిల్లలను బడికి పంపు నాటికిగాని వెడలిపోదన్నమాట.

మరియొక చిక్కును కలదు. జలసంధుల త్రోవను వచ్చు ఉప్పునీరు బరువైనది గావున అడుగునకు దిగును. నదులు తెచ్చు మంచినీరు తేలికయైనది గావున పైన నిలుచును. నిలువయున్న మజ్జిగపై తేట తేరినట్లు రెండును రెండు పొరలుగా ఏర్పడి ఒకదానితో నొకటి కలియవు. పైపొరకు గాలి తగులును గాని, సుమారు 60 మొదలు 80 మీటర్ల లోతునకు దిగువనున్న నీటికి గాలి సోకదు. ఆ లోతులలోని జీవులకు ప్రాణవాయువు లభించుటకు ఒక్కటే మార్గము. పడమటి నుండి తీవ్రమైన తుపానుగాలి అనేక దినములు ఎడతెగక వీచి, ఉత్తరసముద్రపు నీటిని గడప దాటించి లోనికి త్రోయవలెను. అట్టి గొప్ప ప్రవేశములు అరుదు. 1993, 2003 సంవత్సరములలో అవి సంభవించినవి. 2014 డిసెంబరున జరిగిన ప్రవేశములో సుమారు 198 ఘన కిలోమీటర్ల ఉప్పునీరు లోనికి వచ్చినది. 1880 నుండి జరుగుచున్న కొలతలలో అది మూడవ పెద్దదని లెక్కింపబడినది. అట్లు వచ్చిన ప్రాణవాయువు సయితము కొద్ది సంవత్సరములలోనే ఖర్చయిపోయెను.

ఇట్టి సున్నితమైన నీటిలోనికి ఇరువదవ శతాబ్దపు నడుమ భాగమున నాగరికత తన మలినమునంతను త్రోయసాగెను. నగరములు పెరిగినవి; వాని మురుగు శుద్ధిచేయబడకయే నదులలో కలిసెను. స్వీడన్, ఫిన్లండు అడవులలోని కలపతో కాగితము చేయు కర్మాగారములు రసాయనద్రవములను విడిచినవి. పొలములలో చల్లిన ఎరువులు వర్షమునకు కొట్టుకొనివచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సుమారు 40 వేల టన్నుల విషవాయు ఆయుధములను బోర్న్‌హోమ్, గోట్లండు దీవుల ప్రాంతమున సముద్రమున ముంచివేసిరి. తరువాతి కాలమున వలలు లాగు బెస్తలకు చేపలతోపాటు గడ్డకట్టిన విషపు ముద్దలు చేతికి వచ్చి చర్మము కాలిన సందర్భములు అనేకములు కలవు. సముద్రమున పడవేసినది పోయినదని తలచుట ఆనాటి పెద్దలకు అలవాటు.

పోలేదని మొదట తెలిపినది ఒక పక్షి. తెల్లతోకగల సముద్రపు గ్రద్ద బాల్టిక్ తీరమున నివసించు పెద్ద పక్షులలో ఒకటి. దాని రెక్కలు చాచినచో రెండు మీటర్లకు మించియుండును. 1960ల నాటికి ఆ గ్రద్దల గూళ్ళలో గ్రుడ్లుండియు పిల్లలు కనబడకపోవుట పరిశీలకులు గమనించిరి. ఆ సమయమున స్వీడన్ రసాయనశాస్త్రజ్ఞుడు సోరెన్ యెన్సెన్ జీవుల శరీరములలో డి.డి.టి. ఎంత చేరినదో కనిపెట్టుటకై పరీక్షలు చేయుచుండెను. పరీక్షాయంత్రము గీచిన రేఖలలో డి.డి.టి.తోపాటు వేరొక అజ్ఞాతపదార్థపు గురుతులు మాటిమాటికి కనబడెను. అది డి.డి.టి. నుండి పుట్టినదేమోయని మొదట సందేహము కలిగెను. అందుచే ఆయన పాతకాలపు గ్రద్ద ఈకలను పరీక్షించెను. 1944 నాటి ఈకయందును ఆ గురుతులు కనబడెను. డి.డి.టి. ఆ ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది యుద్ధానంతరము. కాబట్టి ఆ విషము వేరన్నమాట. తుదకు 1966లో అది పి.సి.బి. యను రసాయనవర్గమని ఆయన ప్రకటించెను. విద్యుత్ పరికరములలోను, రంగులలోను 1929 నుండియు వాడబడుచున్న ఆ పదార్థము ప్రకృతిలో ఇంతదూరము వ్యాపించినదని అంతవరకు ఎవ్వరును ఎరుగరు. ఆయన తన కుటుంబమువారి తలవెంట్రుకలను పరీక్షింపగా, పసిబిడ్డ వెంట్రుకలయందును దాని జాడ కనబడెను.

ఈ విషములు నీటిలో ఉన్నంత మాత్రమున అంత ప్రమాదకరములు కావు. వాని పరిమాణము నీటిలో అత్యల్పము. కాని అవి క్రొవ్వులో కరగును, శరీరము నుండి బయటకు పోవు. కంటికి కనబడని నీటిమొక్కలను తిన్న సూక్ష్మజీవులలో కొంత చేరును. ఆ జీవులను వేలకొలది తిన్న చిన్నచేపలో అంతకంటె హెచ్చుగా చేరును. అట్టి చేపలను తిన్న పెద్దచేపలో మరింత హెచ్చును. ఆ పెద్దచేపలను తినునది గ్రద్ద. పైసా పైసా కూడి రూకలైనట్లు విషము మెట్టుమెట్టునకు పెరిగి పైమెట్టుననున్న పక్షిలో నిలువయగును. దాని మూలమున గ్రుడ్డు పెంకులు పలుచబడి తల్లి బరువునకే పగిలినవి. పగులని వానిలో పిండములు చనిపోయినవి. స్వీడన్ తీరమున 1950కి పూర్వము నూరు గ్రద్ద జంటలలో సుమారు 70 జంటలు పిల్లలను పెంచుచుండగా, 1970లలో ఆ సంఖ్య 25కు లోబడెను. సీలు అను సముద్రజంతువుల గతియు ఇట్లే యయ్యెను. శతాబ్దారంభమున లక్షకు దరిదాపుగా నున్న బూడిదరంగు సీళ్ళు తొలుత వేటచేతను, పిదప ఆడుసీళ్ళకు విషమువలన కలిగిన గొడ్డుతనముచేతను క్షీణించి, 1970ల నాటికి నాలుగువేలకు మించకుండెను.

స్వీడన్ 1970లో డి.డి.టి. వాడుకను చాలవరకు నిషేధించినది. కాని ఒక్క దేశము మానినందున ప్రయోజనమెంత? పోలండు నదిలోని నీరు స్వీడన్ తీరమును చేరును. జర్మనీ పొగ ఫిన్లండుపై వర్షమై కురియును. అందరును కూర్చుండి మాటలాడవలసినదే. చిక్కంతయు అచ్చటనే యుండెను.

ఆ కాలమున బాల్టిక్ రెండు శత్రుశిబిరముల నడుమ నున్నది. డెన్మార్కు, పశ్చిమజర్మనీలు ఒక సైనికకూటమిలోనివి. సోవియట్ యూనియన్, పోలండు, తూర్పుజర్మనీలు దానికి ఎదురుకూటమిలోనివి. ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియాలు సోవియట్ యూనియన్‌లో చేర్చుకొనబడి, తమ పేరిట మాటలాడు అధికారము లేక యుండినవి. స్వీడన్, ఫిన్లండులు ఏ కూటమియందును చేరనివి. ఒకే సముద్రమున ఒకరి యుద్ధనౌకలను వేరొకరు పొంచి చూచుచుండగా, ఫలానిచోట మా మురుగు ఇంత కలియుచున్నదని చెప్పుటయు రహస్యమును బయటపెట్టినట్లే తోచెడిది. రెండు జర్మనీలు ఒకదాని నొకటి రాజ్యముగా అంగీకరింపక ఒకే బల్లయొద్ద కూర్చుండుటకు ఇష్టపడకుండెను. 1972 జూన్ మాసమున స్టాక్‌హోమ్ నగరమున మానవ పర్యావరణమును గూర్చి ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగెను. భారత ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి అందు ప్రసంగించిరి. ఆ మహాసభకు తూర్పుజర్మనీని పిలువలేదను కారణమున సోవియట్ యూనియన్, దాని మిత్రరాజ్యములు రాలేదు. బాల్టిక్ తీరముననే జరిగిన సభకు బాల్టిక్ తీరరాజ్యములలో మూడు రాకపోవుట విచిత్రమే.

అదే సంవత్సరము డిసెంబరున రెండు జర్మనీల నడుమ సంధి కుదిరెను. 1973లో రెండును ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వమును పొందెను. తలుపు కొద్దిగా తెరచుకొన్నది. ఆ సంవత్సరము సెప్టెంబరున పోలండులోని గ్దాన్స్క్ నగరమున తీరరాజ్యములు చేపలవేటను గూర్చి ఒక ఒడంబడిక చేసికొనినవి. చేపలు అందరికిని కావలసినవే గనుక అచట మాట కుదిరినది. పిదప ఏ పక్షమునకును చెందని ఫిన్లండు తన రాజధానికి అందరిని ఆహ్వానించినది. 1974 మార్చి 22వ తేదీన హెల్సింకి నగరమున డెన్మార్కు, ఫిన్లండు, తూర్పుజర్మనీ, పశ్చిమజర్మనీ, పోలండు, సోవియట్ యూనియన్, స్వీడన్ అను ఏడు రాజ్యముల ప్రతినిధులు ఒకే పత్రముపై సంతకములు చేసిరి.

అంతకు పూర్వము సముద్రములను గూర్చిన ఒప్పందములు లేకపోలేదు. కాని అవి నౌకల నుండి కారు నూనెనో, నడిసముద్రమున పారవేయు చెత్తనో గూర్చినవి. ఒక సముద్రమునకంతటికిని, భూమి నుండి వచ్చు మలినము, ఓడల నుండి వచ్చు మలినము, గాలి నుండి దిగు మలినము అను మూడింటిని ఒకే కట్టడి క్రిందికి దెచ్చిన మొదటి ఒడంబడిక ఇదియే. డి.డి.టి., పి.సి.బి.లు రెండును ప్రమాదకర పదార్థముల పట్టికలో మొదట చేర్చబడెను. అదే సంవత్సరము ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము ప్రాంతీయసముద్రముల రక్షణను ఒక ఉద్యమముగా చేపట్టినది. 1976లో మధ్యధరాసముద్రపు దేశములు బార్సిలోనాలో సమావేశమై తమ ఒడంబడికను వ్రాసికొనినవి. దక్షిణాసియాలో భారతదేశము, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు కలిసి 1995లో కొత్తఢిల్లీయందు ఇట్టి కార్యప్రణాళికనే ఆమోదించెను.

హెల్సింకి ఒడంబడికలో లోపములును లేకపోలేదు. ప్రతి రాజ్యమునకు దాని తీరమునంటియున్న అంతర్గతజలములు, అనగా రేవులు, నదీముఖములు మొదలైనవి, ఒడంబడికలో చేరలేదు. మురుగు తొలుత కలియునది అచ్చటనే గదా! ఏ దేశమును తన ముంగిట ఇతరులు తొంగిచూచుటకు ఒప్పుకొనలేదు. సంతకములైన పిదప ఏడు రాజ్యములును తమతమ శాసనసభలలో దానిని ధ్రువపరచుటకు ఆరు సంవత్సరములు పట్టెను. 1980 మే 3వ తేదీన అది అమలులోనికి వచ్చినది. అమలు జరుపుటకు హెల్సింకిలో ఒక కమిషన్ ఏర్పడెను. దాని నిర్ణయములు ఏకగ్రీవముగా జరుగవలెను. ఒక్క రాజ్యము కాదన్నను నిర్ణయము లేదు. నిర్ణయించిన పిదపను అవి సిఫారసులే గాని, దండించు అధికారము కమిషన్‌కు లేదు. ఇట్టి సంఘము ఏమి చేయగలదని ఎవరైన అనుకొనవచ్చును.

అది మొట్టమొదట చేసిన పని కొలతలు సరిచేయుట. ఒక దేశపు శాస్త్రజ్ఞులు నీటిలోని భాస్వరమును ఒక పద్ధతిని కొలిచెడివారు. వేరొక దేశమువారు మరియొక పద్ధతిని కొలిచెడివారు. ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచమునకు సరిపడనప్పుడు ధాన్యపు లెక్క తేలునా? ఎవరి మలినమెంతయో తేలనిదే ఎవరు ఎంత తగ్గించవలెనో నిర్ణయించుట అసాధ్యము. కావున ఉభయపక్షముల శాస్త్రజ్ఞులును ఒకే నీటిని పంచుకొని పరీక్షించి, ఫలితములను పోల్చి, ఎచట భేదము వచ్చుచున్నదో చూచి సరిదిద్దుకొనిరి. 1979 నుండి ఏర్పరచుకొనిన స్థానములలో, ఏర్పరచుకొనిన రీతిని అందరును నీటిని కొలుచుట ఆరంభమయ్యెను. రాయబారులు మాటలాడుకొనని దినములలోను ఆ అంకెల మార్పిడి ఆగలేదు. ఈ సహకారమంతటిలో బయటకు కనబడని భాగమిదియే. బలమైన భాగమును ఇదియే. 1983, 1984 సంవత్సరములలో తూర్పుజర్మనీలో అడవులను పట్టిన పురుగులపై డి.డి.టి. మరల చల్లబడెను. అప్పుడు బాల్టిక్ ప్రాంతమున తగ్గుచున్న ఆ విషపు జాడలు తిరిగి హెచ్చినట్లు కొలతలలోనే బయటపడెను. సముద్రము సాక్ష్యము చెప్పినది.

ఈలోగా స్వీడన్‌లో ప్రకృతిసంరక్షణ సంఘమువారు గ్రద్దలను బ్రతికించుటకై 1971లోనే ఒక ప్రయత్నమునకు పూనుకొనిరి. చలికాలమున గడ్డకట్టిన తీరములందు, విషము సోకని పంది మొదలగు జంతువుల మాంసమును మంచుపై ఉంచెడివారు. ఎముకలు కొరుకు చలిలో బరువైన కళేబరములను ఈడ్చుకొని పోయి, గ్రద్దలు బెదరకుండ దూరమునుండి కనిపెట్టుచుండెడివారు. చేపల విషము తగ్గువరకు కొన్ని పక్షులనైన నిలుపవలెనని వారి ఆశ. 1980లలో విషపు పరిమాణము నిజముగనే తగ్గనారంభించెను. గూళ్ళలో మరల పిల్లలు కనబడినవి. నేడు బాల్టిక్ తీరమున ఆ గ్రద్దను చూచుట అపురూపము కాదు. బూడిదరంగు సీళ్ళును 30 వేలకు మించి లెక్కకు వచ్చినవి. తమ వలలలోని చేపలను అవి తినిపోవుచున్నవని బెస్తలు మొరపెట్టుకొనునంతటి సంఖ్యకు వచ్చినవి. వారి మొరయు త్రోసివేయదగినది కాదు.

కాని విషముల కంటె లొంగదీయుట కష్టమైన శత్రువు వేరొకటి కలదు. ఆశ్చర్యమేమనగా అది విషము కాదు, పోషకము. ఊరిచెరువులోనికి మురుగును, పొలముల ఎరువునీరును చేరినచో ఏమగునో పల్లెలలోనివారెల్ల ఎరుగుదురు. పచ్చని పాచి నీటిని కప్పివేయును. అది చచ్చి కుళ్ళినపుడు చేపలు తేలిపోవును. నత్రజని, భాస్వరములు మితిమీరి చేరగా బాల్టిక్ సముద్రమునకును ఈ గతియే పట్టెను. వేసవిలో నీలి-ఆకుపచ్చ పాచి మైళ్ళకొలది వ్యాపించి, ఆకాశము నుండి తీసిన చిత్రములలో చారలు చారలుగా కనబడును. అది చచ్చి అడుగునకు దిగి కుళ్ళునపుడు అచటనున్న స్వల్పపు ప్రాణవాయువును హరించివేయును. పిదప కుళ్ళిన గ్రుడ్ల కంపుగల విషవాయువు పుట్టును. అచట చేప నిలువదు, నత్త నిలువదు, పురుగు నిలువదు. వంద సంవత్సరములకు పూర్వము సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల మేరనున్న ఇట్టి ప్రాణవాయువు కొరవడిన ప్రదేశము ఇటీవలి కాలమున 60 వేలకు మించినది.

కాడ్ అను చేప దీనివలన మిక్కిలి నష్టపడినది. దాని గ్రుడ్లు బాల్టిక్ పైపొరలోని తేలికనీటిలో తేలవు. అడుగుననున్న ఉప్పునీటిలోనే తేలును. ఆ నీటిలో ప్రాణవాయువు లేదు. పైన తేలలేక, క్రింద ఊపిరాడక గ్రుడ్లు నశించుచున్నవి. మితిమీరిన వేట దీనికి తోడయ్యెను. 1984లో తూర్పు బాల్టిక్‌లో సుమారు 4 లక్షల టన్నుల కాడ్ పట్టువడగా, 2019లో ఐరోపా సంఘము ఆ వేటను అత్యవసరముగా నిలుపుచేయవలసి వచ్చినది.

పోషకములను అరికట్టుట ఎంత ఖర్చుతో కూడిన పనియో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరచరిత్ర తెలుపును. నేవానది ముఖమున నున్న ఆ మహానగరము బాల్టిక్ తీరమున అన్నిటికంటె పెద్దది. 1978 వరకు దాని మురుగంతయు శుద్ధిలేకయే ఫిన్లండు సింధుశాఖలో కలిసెడిది. ఆ సంవత్సరము మొదటి పెద్ద శుద్ధికేంద్రము పనిచేయనారంభించెను. నైరుతిభాగమున ఇంకొక కేంద్రపు కట్టడము 1980లలో మొదలై, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప ధనము లేక మొండిగోడలతో నిలిచిపోయెను. 1992లో తీరరాజ్యములన్నియు చేరి సముద్రపరీవాహక ప్రదేశమున మిక్కిలి మలినమును విడుచు 132 స్థలముల పట్టికను వ్రాసినవి. అందు సెయింట్ పీటర్స్‌బర్గ్ ముఖ్యమైనది.

అప్పుడు ఫిన్లండు, స్వీడన్ దేశములవారు వేసిన లెక్క గమనింపదగినది. తమ నగరముల మురుగును వారు అప్పటికే చాలవరకు శుద్ధిచేయుచుండిరి. మిగిలిన కొద్దిపాటి మలినమును తీయుటకు కోట్లు ఖర్చుచేసినను సముద్రమునకు ఒరుగునది స్వల్పము. అదే ధనము సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఖర్చుచేసినచో ఫలితము ఎన్నో రెట్లుండును. తమ తీరమునకే ఆ ఫలితము చేరును. పొరుగింటి కాలువను బాగుచేయుట తమ ఇంటి ఆరోగ్యమునకే యని వారు గ్రహించిరి. అట్లు ఫిన్లండు, స్వీడన్ మొదలగు దేశముల సహాయముతోను, బ్యాంకుల అప్పులతోను, రష్యా ధనముతోను నైరుతి కేంద్రము పూర్తియై 2005 సెప్టెంబరున ప్రారంభోత్సవము జరిగెను. అది సుమారు 7 లక్షల ప్రజల మురుగును శుద్ధిచేయును. పిదప ఫిన్లండులోని ఒక ధర్మసంస్థయగు జాన్ నుర్మినెన్ ఫౌండేషన్ భాస్వరమును రసాయనములతో తీయు పరికరములను ఆ నగరపు కేంద్రములలో నెలకొల్పుటకు తోడ్పడినది. 2013 నాటికి నగరపు మురుగులో నూటికి 98 పాళ్ళు శుద్ధియగు స్థితి ఏర్పడెను. పోలండు మొదలైన దేశముల నగరములలోను ఇట్టి పనులు సాగినవి. 132 స్థలముల పట్టిక ఉపభాగములతో కలిసి 162కు పెరిగినను, క్రమముగా వానిలో వందకు పైగా స్థలముల పేర్లు కొట్టివేయబడెను.

ఒడంబడికయు కాలముతో మారినది. 1990లో జర్మనీ ఒక్కటయ్యెను. 1991లో బాల్టిక్ రాజ్యములు మూడును స్వతంత్రములయ్యెను. 1992 ఏప్రిల్‌లో క్రొత్త ఒడంబడిక వ్రాయబడినది. ఈసారి అంతర్గతజలములును అందు చేరెను. తొమ్మిది తీరదేశములతోపాటు ఐరోపా సంఘమును అందు భాగస్వామి. అది 2000 జనవరి 17న అమలులోనికి వచ్చినది. 2007 నవంబరున పోలండులోని క్రాకోవ్ నగరమున ఒక కార్యప్రణాళిక ఆమోదింపబడెను. ఏ దేశము నత్రజనిని, భాస్వరమును ఎంతెంత తగ్గించవలెనో అంకెలతో అందు పంచిరి. 2021 నాటికి సముద్రము ఆరోగ్యవంతము కావలెనని గడువు విధించిరి.

గడువు వచ్చినది, సముద్రము ఆరోగ్యవంతము కాలేదు. దేశములు ఊరకున్నవని చెప్పరాదు. నదులు తెచ్చు భాస్వరము 1980ల నాటితో పోల్చినచో సుమారు సగమునకు తగ్గినది. కాని పూర్వము దిగిన భాస్వరము సముద్రగర్భపు బురదలో నిలువయున్నది. ప్రాణవాయువు లేనిచోట ఆ బురద తన భాస్వరమును మరల నీటిలోనికి విడుచును. దానివలన పాచి పెరుగును. పాచి కుళ్ళి ప్రాణవాయువు తరుగును. తరిగినకొలది బురద మరింత భాస్వరమును విడుచును. తాతలు చేసిన అప్పునకు మనుమలు వడ్డీ కట్టుచున్నట్లున్నది. దీనికితోడు పొలముల నుండి వచ్చు పోషకములను పట్టుకొనుట నగరపు మురుగును పట్టుకొనినంత సులభము కాదు. మురుగు ఒక గొట్టమున వచ్చును; పొలపునీరు లక్షల కాలువల వచ్చును. రైతునకు ఎరువు తగ్గించుమనుట పాలకులకు ఇష్టమైన పనియు కాదు. 2021 అక్టోబరున జర్మనీలోని ల్యూబెక్ నగరమున తీరదేశములు మరల సమావేశమై ప్రణాళికను సవరించి గడువును 2030కి మార్చినవి.

నాలుగునెలలు గడచిన కొద్దిదినములకే, 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై యుద్ధమునకు దిగినది. మార్చి మాసమున మిగిలిన తీరదేశములును ఐరోపా సంఘమును రష్యా పాల్గొను సమావేశములను నిలుపుచేసినవి. శీతలయుద్ధపు దినములలోను ఎన్నడును ఇట్లు జరిగియుండలేదు. ఫిన్లండు 2023లోను, స్వీడన్ 2024లోను సైనికకూటమియందు చేరినవి. ఆహ్వానించువాడును, మధ్యవర్తియునై 1974లో నిలిచిన తటస్థరాజ్యము ఇప్పుడు ఆ తీరమున ఒక్కటియు లేదు. రష్యా తప్ప మిగిలినవారు తమలో తాము సంప్రదింపులు జరుపుచు పనిని సాగించిరి.

శాస్త్రజ్ఞుల నౌకలు ఏటేట సముద్రముపైకి వెడలి, ఏర్పరచిన స్థానములలో సీసాలను లోతునకు దించి నీటిని పైకి దీయుచున్నవి. ప్రాణవాయువు ఎంత, భాస్వరము ఎంత, ఉప్పు ఎంత అని వ్రాసికొనుచున్నారు. గ్రద్దలు దీవులలోని పైనుచెట్లపై గూళ్ళు కట్టుచున్నవి. నేవానది నీరు పూర్వమువలెనే రష్యా తీరము నుండి బయలుదేరి, ఎవ్వరిని అడుగక, ఫిన్లండు ఒడ్డును రాయుచు పడమటికి పోవుచున్నది.